నడిపినవారి పేరు

జూన్ 6

తమ్ముడూ,

కవరు మందంగా ఉందని కంగారు పడకు. ఎవరూ పోలేదు. ఆ మాట ముందే చెప్తే మిగతాది నిదానంగా చదువుతావని.

పోయిన మంగళవారం సాయంత్రం నేనూ మీ బావా బండి మీద ఇంటికొస్తుంటే, రంగుల కొట్టు దగ్గర మలుపులో ఎడమ చేతి సందులోంచి ఒక వ్యాను వచ్చి తగిలింది. హారనూ లేదు, ఆగడమూ లేదు. మీ బావ ఎడమ మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. దాని కింద ఎముక కూడా చిట్లిందట. మర్నాడే ఆపరేషన్ చేసి లోపల రేకూ మేకులూ వేశారు. బండి ఆయనే నడుపుతున్నారు. నేను వెనక కూర్చున్నాను. నాకు పెద్దగా ఏమీ కాలేదు. మోచేతులు గీరుకుపోయాయి, కుడి బొటనవేలికి దెబ్బ తగిలింది. అందుకే ఈ కోడిగీతలు. ఎడమ చేత్తో రాస్తున్నాను.

నిన్న డాక్టరు వచ్చి, "నడుస్తారు, మెట్లెక్కుతారు, కాని మోకాలు పూర్తిగా మడవడం ఇక కుదరదు" అన్నారు. ఆయనకది మామూలు మాట. ఇరవై రెండేళ్ళుగా నేల మీద మోకాళ్ళూని టైల్స్ పరుస్తున్న మనిషితో అనే మాటేనా? లోకమంతా కాళ్ళ మీద నిలబడుతుంది. మా ఇల్లు ఆయన మోకాళ్ళ మీద నిలబడింది.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. వార్డులో పది మంచాలున్నాయి. ఫోన్లో మాట్లాడితే పదిమందీ చెవులు ఇటే పెడతారు. పైగా పక్కన మీ బావ. మీ ఇద్దరి సంగతీ నీకు తెలియందా? రెండేళ్ళ కిందట నువ్వు బండి పాలసీ కాగితాలు పట్టుకొచ్చి, కాలు పోతే ఇంత, చెయ్యి పోతే ఇంత అని చెప్తుంటే, "నన్ను ముక్కలు ముక్కలుగా రేటు కడుతున్నావేంట్రా" అని ఆయన లేచిపోయారు. నువ్వూ చెయ్యి కడుక్కుని లేచిపోయావు. ఇద్దరూ లేచాక నేనొక్కదాన్నే కూర్చుని తిన్నాను. ఆ రోజు నుంచీ ఆయన దగ్గర నీ పేరెత్తితే గోడ వైపు చూస్తారు.

ఇప్పుడు ఆ కాగితాలే కావాలి. కౌంటరు దగ్గర అమ్మాయి రోజూ "ఏ పాలసీ అండీ?" అంటోంది. ఇంట్లో బీరువాలో మూడు దొరికాయి. మూడూ ఒకేలా ఉన్నాయి నా కళ్ళకి. నకళ్ళు తీసి దీంట్లో పెట్టాను. ఏది దేనికో చెప్పు.

మీ అక్క

జూన్ 11

అక్కా,

కూర్చునే చదివాను. చదివాక కూడా చాలాసేపు లేవలేదు.

పద్దెనిమిదేళ్ళుగా క్లెయిముల బల్ల దగ్గర ఇవే చదువుతున్నాను. మోకాలి చిప్ప, తుంటి ఎముక, జారుడు, మలుపు. పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రానికి మనుషులు గుర్తుండరు, ఎముకలే గుర్తుంటాయి. ఇవాళ మాత్రం మనిషి గుర్తొచ్చాడు. బావ నేల మీద వంగి, ఒక కన్ను మూసి, రసమట్టం పెట్టి నేల వాలు చూస్తూ ఉండటం. ఊళ్ళో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు కదా, రసమట్టం అని. పదిహేనేళ్ళలో ఆయన పరిచిన నేల మీద నీళ్ళు నిలవడం నేను చూడలేదు.

ఇక కాగితాలు. నువ్వు పంపినవాటిలో పచ్చ అంచుది ఆస్పత్రి ఖర్చులకి. అది పోయిన ఏడు కట్టకుండా వదిలేశారు, చెల్లదు. ఎందుకు వదిలేశారని అడగను, అడిగి లాభం లేదు. రెండోది ఈ ఏడాది బండి పాలసీ. మూడోది దాని పాత కాపీయే.

బండి పాలసీ అంటే అందరూ ఒకటే అనుకుంటారు. లోపల అరలున్నాయి. చట్టం ప్రకారం అందరూ కట్టాల్సింది, మన బండి వల్ల ఎదుటివాడికి దెబ్బ తగిలితే వాడికిచ్చేది. మన ఒంటికి అందులోంచి ఏమీ రాదు. సగం జనం అదొక్కటే కట్టి, మాకు ఇన్సూరెన్సు ఉందని ధైర్యంగా తిరుగుతారు. రెండో అర, బండి ఎవరి పేరున ఉందో ఆ మనిషే నడుపుతూ దెబ్బ తింటే వచ్చేది. బావ గొడవ పడింది దాని గురించే. గొడవయ్యాక నీ ద్వారా సంతకం తెప్పించుకుని మరీ అది కట్టించాను. నడిపింది ఆయనే కాబట్టి మన పని సులువు.

ఇవి కాక వ్యానువాడి ఇన్సూరెన్సు ఉంది. తప్పు వాడిది కాబట్టి వాళ్ళ కంపెనీ మీద కోర్టులో దావా వెయ్యాలి. అక్కడే కాస్త న్యాయమైన మొత్తం వచ్చేది. కాని ఏళ్ళు పడుతుంది.

ఫారం పంపుతున్నాను. జరిగింది జరిగినట్టు, ఎవరు ఎటు కూర్చున్నారు, వ్యాను ఎటు తగిలింది, పడ్డాక ఎవరు ఎక్కడున్నారు, అన్నీ రాయి. బావతో సంతకం పెట్టించు. నా చుట్టాల ఫైలు నేను ముట్టుకోకూడదు, పక్క బల్ల ఆయన చూస్తాడు. మంచివాడే, నిదానం మనిషి.

నీ బొటనవేలి చీటీ కూడా పంపు. నీకేమీ కాలేదని నువ్వంటే నేను నమ్మను. చిన్నప్పుడు పన్ను ఊడినా నాకేం కాలేదనేదానివి.

తమ్ముడు

జూన్ 19

తమ్ముడూ,

ఫారం నింపి పంపుతున్నాను. ఇద్దరి ఆస్పత్రి చీటీలూ ఉన్నాయి. ఆ ఫారం తయారుచేసినవాణ్ణి ఒక్కసారి చూడాలనుంది. పేరు నాలుగుచోట్ల అడిగాడు. "నడిపినవారి పేరు" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది, ఇంకు అయిపోయింది. పక్క మంచం ముసలాయన దగ్గర ఇంకో పెన్ను తీసుకుని రాశాను. ఆయన రిటైరైన గుమాస్తా. అందరి ఫారాలూ తనే నింపుతానంటాడు, అదొక సరదా ఆయనకి. "రాయించుకోవడానికి మనుషులు లేక చేతులు తుప్పు పట్టాయమ్మా" అన్నాడు.

ఎవరు ఎటు కూర్చున్నారు, ఎటు పడ్డారు అని అంత గుచ్చి గుచ్చి ఎందుకు అడిగావు? అందర్నీ ఇలాగే అడుగుతావా, మమ్మల్నేనా? వ్యాను తగిలింది, పడ్డాం. పడుతున్నప్పుడు కొలతలు తీసుకోలేదు.

మీ బావ మాట్లాడటం లేదు. ఊ అంటారు, ఊహూ అంటారు. నర్సుతో మాట్లాడతారు, ఊడ్చే మనిషితో మాట్లాడతారు. నిన్న ఆవిడతో "ఆ మూల నీళ్ళు నిలుస్తాయమ్మా, వాలు తప్పు ఇచ్చారు, నువ్వెంత తుడిచినా అంతే" అని పది నిమిషాలు చెప్పారు. నేను దిండు సర్దబోతే మాత్రం "ఉండనీ" అంటారు. పగలంతా నేల వైపే చూస్తారు. ఆ టైల్స్ లెక్కపెడుతున్నారో, వాటి మీద తానిక కూర్చోలేనని చూసుకుంటున్నారో నాకు తెలియదు.

నేను పని చేసే కుట్టు షెడ్డులో సెలవు అయిపోయింది. స్కూళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాల పని గుట్టలుగా ఉంటుంది. కత్తెర పట్టుకోడానికి వేలు పనికిరాదు. గుండీలు లెక్కపెట్టే పని ఇస్తామన్నారు. చూడాలి.

అలసటగా ఉంది తమ్ముడూ. పడుకుంటే నిద్ర వస్తుంది. లేస్తే అలసట అక్కడే కూర్చుని ఉంటుంది.

అక్క

జూన్ 26

అక్కా,

కాగితాలు అందాయి. చూశాను. చూడకుండా ఉండాల్సింది, కాని చూశాను.

నీ చీటీలో కుడి బొటనవేలి మొదట్లో ఎముక విరిగిందని ఉంది. నువ్వు దెబ్బ తగిలిందని మాత్రమే రాశావు. బండి ఎడమ నుంచి గుద్దుడు తిని హ్యాండిల్ ఒక్కసారిగా తిరిగితే, దాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్ళకి ఆ ఎముక విరుగుతుంది. ఇలాంటివి నా బల్ల మీద వందల్లో చూశాను. వెనక కూర్చున్నవాళ్ళకి అలా విరగడం నేనింతవరకు చూడలేదు. బావ అరచేతులకి గీత కూడా లేదు. ఆయన దెబ్బలన్నీ ఎడమ కాలికీ వీపుకీ. అవి వెనక కూర్చున్న మనిషి దెబ్బలు.

నీకు బండి నడపడం వచ్చని కూడా నాకు తెలియదు.

నడిపిందెవరు?

అబద్ధపు వాంగ్మూలం ఇస్తే క్లెయిమ్ మొత్తం కొట్టేస్తారు. ఎంక్వైరీ ఆఫీసరు వస్తాడు, నాకు కనిపించింది ఆయనకీ కనిపిస్తుంది. పైగా పాలసీలో నా చెయ్యి ఉంది, ఆఫీసులో నన్నూ అడుగుతారు. బావ ఇలాంటి పని చేస్తారని అనుకోలేదు. ఒకప్పుడు రేటు కడుతున్నావేంట్రా అన్న మనిషి, ఇప్పుడు డబ్బు కోసం నిన్ను అబద్ధంలోకి లాగారా?

జవాబు వెంటనే రాయి.

తమ్ముడు

జూలై 2

నీ ఉత్తరం చేరింది.

మీ బావని నిన్న ఇంటికి తెచ్చాం. మంచం కిటికీ దగ్గర వేశాం. ఇది సమాచారం.

నీ ఉద్యోగం గురించి బెంగపడకు. నీ చెయ్యి ఉందని మేమెవరికీ చెప్పం. క్లెయిమ్ కొట్టేస్తే కొట్టేసుకోండి. ఎముకలు చూసి మనుషుల్ని పట్టేసేంత చదువు చదివావు, సంతోషం. కాని మీ బావ డబ్బు కోసం నన్ను అబద్ధంలోకి లాగారన్న మాట ఎముక చూసి రాశావా, మనసులో ముందే ఉండి రాశావా?

ఆయన గురించి నీకేం తెలుసు?

ఇక కాగితాలేవీ పంపకు.

జూలై 9

అక్కా,

సంతకం కూడా పెట్టలేదు నువ్వు. రెండుసార్లు వెనక వైపు తిప్పి చూశాను.

నన్ను తిట్టు, కాని ఇది చివరిదాకా చదువు. ఆ ఉత్తరం ఆఫీసులో రాశాను, ఆఫీసు భాషలో రాశాను. సాయంత్రం దాకా అందరికీ రాసే వాక్యాలే నీకూ రాసేశాను. పోస్టులో వేశాక తెలిసింది. డబ్బాలో చెయ్యి పెట్టి తీసుకునే వీలుంటే తీసుకునేవాణ్ణి.

పోయిన ఏడు ఒకావిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. భర్తకి కాలు పోయింది. "ఎలా జరిగిందమ్మా" అంటే, "ఎలా జరిగిందని చెబితే వస్తుందో మీరే చెప్పండి బాబూ, అలాగే చెప్తాను" అంది. ఆవిడ మోసగత్తె కాదు. మా కాగితాలు చదివి ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఆ అర్థంకానితనంలోంచే సగం అబద్ధాలు పుడతాయి. ఆ రోజు మీ ఇంట్లో నేను చెప్పింది కూడా అలాంటి చెప్పడమే. "నడిపేవాడికి వస్తుంది బావా, నడిపేవాడికి" అని మూడుసార్లు అన్నాను. మిగతాది చెప్పేలోపు గొడవైపోయింది.

ఆ మిగతాది ఇప్పుడు చెప్తాను. ఆ పాలసీలో మూడో అర కూడా ఉంది. వెనక కూర్చున్నవారికి దెబ్బ తగిలితే వచ్చేది. ఫారం నింపేటప్పుడు ఆ గడిలో నేనే టిక్కు పెట్టాను. వెనక ఎప్పుడూ కూర్చునేది నువ్వు కదా, నీ కోసం. ఆ ముక్క ప్రీమియం రెండేళ్ళూ నా జీతంలోంచి కట్టాను. బావకి తెలిస్తే ఇంకోసారి లేచిపోతారని మీకు చెప్పలేదు. జూన్‌లో రాసిన ఉత్తరంలోనూ అందుకే దాచాను. అది నా తప్పు.

కాబట్టి నడిపింది నువ్వయితే, వెనక కూర్చున్నది బావయితే, ఆయన మోకాలికి ఆ అర ఉంది. నీకు లైసెన్సు ఉంటే చాలు. నిజం చెప్పినా వస్తుందక్కా. నేనడిగింది పట్టుకోవడానికి కాదు. పక్క బల్ల ఆయన ఆ ఫైలు ముందుకి నెట్టేలోపు దిద్దుకోవచ్చని.

నాకు భయం లేదని అనను. ఉద్యోగం గురించి కొంచెం ఉంది. నీ గురించి ఎక్కువ ఉంది.

ఎంక్వైరీ ఆఫీసరు ఈ నెలాఖరులో వస్తాడు.

తమ్ముడు

జూలై 17

తమ్ముడూ,

నేనే నడిపాను.

ఈ వాక్యం రాసి, టీ పెట్టుకుని తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నెలన్నర నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను దీన్ని.

షెడ్డు దూరంగా మార్చారు, బస్సు లేదు. అందుకని మార్చిలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆయనే నేర్పారు. నేర్పేటప్పుడు ఒక్కసారి కూడా అరవలేదు. టైల్ పగలగొట్టిన కూలీ మీద కూడా అరిచే మనిషి, నేను గేటుకి గుద్దితే "గేటు పాతదే" అన్నారు. లైసెన్సు వచ్చి అప్పటికి మూడు వారాలు. ఆ మంగళవారం షెడ్డు దగ్గరికి నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి, తాళం నా చేతిలో పెట్టి, "ఇవాళ నువ్వు నడుపు, నేను దొరలా వెనక కూర్చుంటాను" అన్నారు.

మలుపు దగ్గర బండి ఒకసారి వణికింది. నేను సర్దుకునేలోపు వ్యాను వచ్చింది. సర్దుకుని ఉంటే బ్రేకు వేసేదాన్ని. రోజూ అదే ఆలోచన. ఆ ఒక్క వణుకు లేకుండా ఉంటే.

రోడ్డు మీద పడి ఉన్నారు, మోకాలు చూడలేకపోయాను. జనం వస్తున్నారు. నా చెయ్యి పట్టుకుని "నడిపింది నేను. విన్నావా? నేను. నువ్వు వెనకున్నావు" అన్నారు. పోలీసులకీ అదే చెప్పారు. కొత్త లైసెన్సు కదా, నన్ను స్టేషన్ల చుట్టూ తిప్పుతారని అలా అన్నారనుకున్నాను. డబ్బు కోసమని నువ్వన్నావు. ఆయన్నే అడుగుదామంటే ఆయన మాట్లాడరు.

నాకేం బాధో తెలుసా? నా చేతిలో ఆయన మోకాలు పోయింది. ఇంట్లో ఎవరైనా కప్పు పగలగొడితే కూడా "అయ్యో, నేనే" అని అంటారు కదా. నాకు ఆ మాట అనుకునే వీలు కూడా లేకుండా పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "పాపం ఆయన ఎలా నడిపారో, నువ్వు బతికిపోయావు" అంటారు. ఆయన గోడ వైపు తిరుగుతారు. నా మీద కోపంతోనే అనుకుంటున్నాను. కోపం ఉంటే తిట్టమను తమ్ముడూ. ఈ మర్యాద భరించలేను.

ఈ సోమవారం కాక పై సోమవారం వెళ్ళి స్టేషన్లో చెప్పేస్తాను. ఆయన ఒప్పుకోరు. అయినా చెప్తాను. నీకు ముందు రాస్తున్నాను.

నువ్వు రెండేళ్ళు నా కోసం కట్టిన సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. అక్కని నేను, నేను కదా నీకు కట్టాల్సింది. వేలి నొప్పి, ఆపుతున్నాను.

అక్క

జూలై 22

అక్కా,

రెండు ముక్కలే, పోస్టు వెళ్ళిపోతుంది. స్టేషన్‌కి లైసెన్సు కాపీ పట్టుకెళ్ళు. నీ మాట వాళ్ళు ఎలా రాసుకున్నారో చదివి, అప్పుడే సంతకం పెట్టు. తిడతారు, తిట్టనీ. వాళ్ళిచ్చిన కాగితం ఆఫీసరుకి నువ్వే ఇవ్వు, ఆయన అడిగేదాకా ఆగకు.

బావని తిట్టమని నేను చెప్పలేను. ఆయన నాతోనూ మాట్లాడరు కదా. ఆ మాటకొస్తే ఇన్నేళ్ళలో నేను ఆయన్ని అడిగిందేముంది? సంతకాలే.

నీ వేలికున్న బ్యాండేజీ ఊడదీయకు.

తమ్ముడు

ఆగస్టు 3

తమ్ముడూ,

అయిపోయింది. ఎలా అయిందో చెప్తాను, నువ్వు ఉంటే బాగుండేదని అనుకున్నాను అప్పుడు.

స్టేషన్లో రాసుకునే ఆయన పావుగంట తిట్టి, తర్వాత కుర్చీ వేసి, రాసుకున్నాడు. ఇంటికొచ్చి మీ బావకి చెప్పాను. రెండు రోజులు ఊ కూడా అనలేదు.

నీ ఎంక్వైరీ ఆఫీసరు శుక్రవారం వచ్చాడు. బక్కపల్చని మనిషి, ఒక సంచి, ఎండలో నడిచొచ్చి నీళ్ళడిగాడు. నేను నీళ్ళతో పాటు కాగితం కూడా ఇచ్చాను. చదివి, మంచం మీదున్న ఈయన వైపు చూసి, "అయితే మొదటిది మీరెందుకు చెప్పినట్టు?" అన్నాడు.

ఈయన కిటికీ వైపు తిరిగారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నడిపినవాడికే వస్తుందని మా బావమరిది చెప్పాడండి" అన్నారు. "పడగానే మోకాలు చూసుకున్నాను. ఇక పని లేదని అప్పుడే తెలిసింది. ఈవిడ కుట్టు మీదే బతకాలి ఇద్దరం. ఏదో ఒకటి రావాలి కదా అని."

"అంతేనా?"

"అంతే కాదు. తప్పు నాదండి."

"మీరు వెనక కూర్చున్నారుగా?"

"వెనక కూర్చునే చేశాను. ఆ మలుపులో కొత్త ఇల్లొకటి ఉంది. ముందు వరండాకి టైల్స్ వేశారు. మూల దగ్గర గీత కలవలేదు, వంకర. దాన్ని చూద్దామని మనిషి మొత్తం పక్కకి వంగాను. అప్పుడు బండి వణికింది. ఆవిడ బానే నడుపుతోంది. వణికించింది నేను. ఆ మాట ఆవిడతో ఎలా చెప్పనండీ? పక్కవాడి పనిలో వంకర వెతకబోయి ఇంత చేశానని?"

ఆఫీసరు రాయడం ఆపేశాడు. రెండు నెలలుగా గోడ వైపు తిరిగింది నా మీద కోపంతో కాదు తమ్ముడూ. నా మొహం చూడలేక.

"వణికినా సరే, పక్క సందులోంచి వచ్చినవాడు ఆగాలి కదండీ" అన్నాడు ఆఫీసరు చివరికి. "తప్పు వ్యానుది. అదే రాస్తున్నాను." నీళ్ళు తాగేసి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నేను బాగా తిట్టాను మీ బావని. "ఇంకొకరి టైల్స్‌తో నీకేం పనయ్యా" అని మొదలుపెట్టి, పెళ్ళినాటి నుంచీ ఉన్నవన్నీ తిట్టాను. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. ఆయన వింటూ కూర్చున్నారు. చివర్లో "ఆ మూల చూశావా నువ్వు? బొత్తిగా వంకర" అన్నారు. ఇద్దరం ఏడ్చామో నవ్వామో నాకు సరిగా తెలియదు.

అక్క

అక్టోబరు 12

అక్కా,

క్లెయిమ్ పాసైంది. వెనక కూర్చున్నవారి అరలోంచి. మొదట తప్పు చెప్పినందుకు పక్క బల్ల ఆయన రెండు నోట్సులు రాసి, మందలించి, చివరికి సంతకం పెట్టాడు. నన్ను కూడా పిలిచి అడిగారు. ఉన్నది చెప్పాను. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు, ఫైల్లో పెట్టుకున్నాను.

పెద్ద మొత్తమని ఆశపడకు. డాక్టరు వైకల్యం పాతిక శాతమని రాశారు. మా పట్టికలో మోకాలంటే మోకాలే. అది గుమాస్తాదా, టైల్స్ మేస్త్రీదా అన్నది ఆ పట్టికకి తెలియదు. బల్ల ముందు కూర్చునే నాకు ఆ దెబ్బ తగిలితే పాతిక కూడా ఎక్కువ. బావకి అది నూటికి నూరు. ఈ మాట వినేది కోర్టొక్కటే. వ్యాను కంపెనీ మీద దావా వేశాం కదా, మొదటి వాయిదా వచ్చే ఏడు ఫిబ్రవరిలో. వకీలు బాగా ఆవులిస్తాడు కాని పనిమంతుడని చెప్పారు.

ఇంకొకటి చెప్పాలి, వాయిదా వేస్తూ వచ్చాను. నీ బొటనవేలికి ఏమీ లేదు. నువ్వు నడిపావు, కాని బండి నీది కాదు, బావ పేరున ఉంది. యజమాని అర నీకు వర్తించదు. వెనక కూర్చున్నవారి అర కూడా వర్తించదు. నీకోసమని నేను కట్టింది నీకు కాక బావకి ఉపయోగపడింది. వ్యాను మీద దావాలో నీ వేలూ రాయించాను, అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది.

వేలు మడుస్తున్నావా? కత్తెర పట్టుకోగలుగుతున్నావా? రాయి.

తమ్ముడు

అక్టోబరు 25

బావమరిదికి,

నా రాత నువ్వెప్పుడూ చూడలేదు. సంతకం తప్ప. చదువుకోడానికి కష్టమైతే నాకే ఫోన్ చెయ్యి.

మీ అక్క నీ ఉత్తరం నాకు చదివి వినిపించింది. వేలి దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, "సరే, ఇంకేముందిలే" అని మడిచేసింది. మిగతాది తర్వాత నేనే తీసి చదువుకున్నాను. మీ అక్క వేలు సగమే మడుస్తుంది. కత్తెర ఎడమ చేత్తో నేర్చుకుంటోంది. షెడ్డులో నవ్వుతున్నారట.

నేను కర్ర పట్టుకుని నడుస్తున్నాను. నాతో పనిచేసిన ఇద్దరు కుర్రాళ్ళు పని ఒప్పుకుంటున్నారు, నేను స్టూలు మీద కూర్చుని గీత చూసి చెప్తున్నాను. పూర్వం వచ్చినంత రాదు. నేల మీదికి దిగాలనిపిస్తుంది. దిగలేను. మొదటి రోజు చాలా కష్టంగా గడిచింది. రెండో రోజూ అంతే.

నిన్ను అప్పుడు ఆ మాట అన్నాను. నన్ను ముక్కలుగా రేటు కడుతున్నావని. నువ్వు కట్టింది రేటు కాదని ఇప్పుడు తెలిసింది. అంతకంటే రాయడం నాకు చేతకాదు.

అసలు విషయం. పనికి నన్ను మీ అక్కే దింపుతోంది, సాయంత్రం తనే తీసుకొస్తోంది. మొదట ఎక్కనంది. "నీ వెనక నేను కదలకుండా కూర్చుంటాను, ప్రపంచమంతా వంకరగా ఉన్నా చూడను" అని మాటిచ్చాక ఎక్కింది. వారం కిందట రవాణా ఆఫీసుకి వెళ్ళి బండి తన పేరు మీదకి మార్పించాను. తనకి ఇంకా చెప్పలేదు. కార్డు వచ్చాక చేతికిస్తాను.

కాబట్టి కొత్త పాలసీ రాసి పంపు. యజమాని మీ అక్క. నడిపేది మీ అక్క. తనకి ఎన్ని అరలుంటే అన్నీ కట్టించు, వేలు దగ్గర్నుంచీ. ఆస్పత్రిది కూడా మళ్ళీ మొదలుపెట్టు. డబ్బు నేనే పంపుతాను, ఈసారి నీ జీతం ముట్టుకోకు.

వెనక కూర్చునేవారి గడిలో నా పేరు రాయి.

మీ బావ